అరువు చెయ్యి

ఎనభై ఆరు. పక్కన బాణం గుర్తు కొద్దిగా కిందికి వాలి ఉంది. బాగుంది, అనుకున్నాడు డ్రైవరు ఫోను ఆర్పి చొక్కా జేబులో వేసుకుంటూ, బంగారంలాంటి అంకె, ఇంకాసేపు ఇలాగే నిలబడితే చాలు, లోపల డాక్టరు తెర మీద మూడు నెలల గీత చూస్తాడు, తల ఊపుతాడు, స్టీరింగు మళ్ళీ ఏడాది పాటు తన చేతిలోనే ఉంటుంది. డిపో ఆరోగ్య గది బయట వేసిన ఇనుప బెంచీ పొద్దుటి చలిని ఇంకా వదల్లేదు. గోడ అవతల షెడ్డులో ఎవరో బ్రేకులు చూస్తున్నారు, గాలి బుస్సుమని తన్నుకొస్తోంది, పాత నీలం బండి అయ్యుంటుంది, దాని వెనక చక్రం దగ్గర గాలి కారుతోందని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవడికీ పట్టదు. ఎడమ జబ్బ మీద, చొక్కా కింద, రూపాయి బిళ్ళంత తెల్లటి బిళ్ళ దురద పెడుతోంది. గోకకూడదు, ఊడితే మళ్ళీ ప్లాస్టరు దొరకదు. అది చచ్చిన బిళ్ళ. గడువు తీరిపోయి పారేయాల్సిన దాన్ని అంటించుకున్నాడు, ఎవరైనా చొక్కా ఎత్తి చూపించమంటే చూపించడానికి. లోపల సన్నటి తీగతో ఒంట్లోని చక్కెర ఎంతుందో పట్టి, ఎప్పటికప్పుడు ఈ గదిలోని తెరకి పంపిస్తూ ఉండే అసలు బిళ్ళ ఊరికి ఆ చివర, తన ఇంట్లో, తన భార్య చేతి మీద ఉంది. ఎనభై ఆరు ఆమెది.

"నీకేంటన్నా భయం," అన్నాడు పక్కన కూర్చున్న బొంగురాయన. అతని గొంతు ఎప్పుడో జలుబు చేసి అలా ఉండిపోయింది, పేరూ అదే అయిపోయింది. "నీ గీత చూపించి మమ్మల్ని తిడుతోంది సిస్టరమ్మ. నువ్వేం తింటావో రాయించుకుని మాకిస్తుందట." డ్రైవరు నవ్వాడు. నవ్వితే నోట్లోంచి పొద్దున క్యాంటీన్లో తాగిన టీ వాసన వచ్చింది, రెండు గ్లాసులు, చక్కెర అడుగున మిగిలేంత, దాంతోపాటు క్రీము పెట్టిన బన్ను. తిన్నాక ఎప్పట్లాగే నాలుక ఎండిపోయింది, అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది, అయితే ఏం, అరికాళ్ళ సంగతి ఏ తెర మీదా కనబడదు. బెంచీ ఎదురుగా కిటికీ, కిటికీ అవతల కడుగుడు రేవు, అక్కడ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని పొడుగాయన బస్సు అద్దాల మీదికి నీళ్ళు కొడుతున్నాడు. ఆయన వైపు చూడకూడదు. ఆయనే చూపు తిప్పుకుంటాడు గానీ, ఒక్కోసారి మరిచిపోయి చూస్తాడు, కుక్కపిల్లలా. పదిహేడేళ్ళు తోలిన మనిషి. ఒకరోజు మధ్యాహ్నం స్టీరింగు మీదే తల వాల్చేశాడు, బస్సు కాలిబాట ఎక్కి మూసేసిన దుకాణం తలుపుని గుద్దుకుని ఆగింది, మూసేసి ఉండబట్టి సరిపోయింది. ఆ తర్వాతే కంపెనీ ఈ బిళ్ళలు తెచ్చింది. చక్కెర జబ్బున్న ప్రతి డ్రైవరూ వేసుకోవాలి, బిళ్ళతో పాటు ఇచ్చిన ఫోను ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, గీత బాగుంటే బండి, బాగుండకపోతే బూట్లు. బూట్లు వేసుకున్నవాడిని టీ దగ్గర ఎవరూ పిలవరు. పిలవకూడదని ఎవరూ అనుకోలేదు, అలా జరిగిపోయింది, డ్రైవరు కూడా పిలవలేదు, ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరినవాళ్ళు.

తన గీత మొదట్లో ఎలా ఉండేదో అతనికి గుర్తుంది. "బాబాయ్, ఇది గీతా, కొండలా?" అంది సిస్టరు తెర తనవైపు తిప్పి చూపిస్తూ, నవ్వుతూనే అంది, మంచి పిల్ల, కానీ నవ్వు అయ్యాక, "ఇంకోసారి ఇలాగే ఉంటే డాక్టరు గారు దించేస్తారు, నేనేం చెయ్యలేను" అంది. మాత్రలు వేసుకోవచ్చు. వేసుకున్నాడు కూడా, కొన్నాళ్ళు. వేసుకుని తినడానికి ఆలస్యమైతే మధ్యదారిలో చేతులు వణికి, అద్దంలో వెనక బండ్లు రెండుగా కనబడేవి, పొడుగాయన గుర్తొచ్చేవాడు, మానేశాడు. తిండి తగ్గించొచ్చు. కానీ పొద్దున్నుంచీ జనం తోపులాటా హారన్లూ తిట్లూ భరించి దిగిన మనిషికి ఆ తియ్యటి టీ చుక్క కూడా లేకపోతే ఇంక బతకడం దేనికి. ఆ రోజు ఇంటికెళ్ళేసరికి ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరివో పంట్లాముల అంచులు మడిచి కుడుతోంది. "చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. ఎందుకని అడగలేదు. లేచింది, రెండు చేతుల్లో ఏది కావాలో తెలియక రెండూ చాపింది. అతను ఎడమ చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి, మెత్తటి చోటు చూసి, బిళ్ళ అంటించే యంత్రం పెట్టి నొక్కాడు. టక్కుమంది. "అమ్మా" అని, వెంటనే నవ్వి, "నాకేం జబ్బు లేదు కదండీ, నాకెందుకిది?" అంది. "జబ్బు లేదు గనకే" అన్నాడు. తెలివైన మాట అనిపించింది అప్పుడు. అంకెలు తన సొంత ఫోనులోనూ కనబడేలా పెట్టుకుని, కంపెనీ ఫోనుకి గుడ్డసంచి కుట్టించి ఆమె నడుముకే కట్టించాడు. ఆమే కుట్టుకుంది, అంచుకి పువ్వు కూడా వేసుకుంది.

ఫోను తీశాడు. డెబ్బై ఎనిమిది. ఇదీ మంచిదే. బాణం ఇంకొంచెం వాలింది.

మొదటి రోజులు హాయిగా గడిచాయి, తర్వాత ఒక మధ్యాహ్నం, ఎర్ర దీపం దగ్గర బస్సు ఆపి ఫోను చూస్తే రెండు వందల నలభై. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. వెనకనించి హారన్లు కొడుతున్నారు, దీపం ఎప్పుడు ఆకుపచ్చగా మారిందో తెలియలేదు. జబ్బు లేని మనిషి అన్నం తింటే అంకె అంత పైకి పోదు, ఈ సంగతి అతనికి తెలుసు, పదేళ్ళుగా ఆ జబ్బుతో కాపరం చేస్తున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసిన మరుక్షణం కడుపులోంచి లేచింది జాలి కాదు, కోపం. ఇదేం మనిషి, ఒక చెయ్యి అడిగితే అదీ సరైంది ఇవ్వలేకపోయింది. తర్వాతి స్టాపులో జనం ఎక్కుతుంటే ఫోను చేశాడు. "ఏం తిన్నావు?" "అన్నమేనండీ. ఏం, ఏమైంది?" "ఎంత తిన్నావు?" "రోజూ తినేదే." "సగం తిను రేపట్నించి. యంత్రం చాలా సున్నితంగా ఉంటుంది, ఎక్కువ తింటే పట్టేస్తుంది." "అయ్యో, తెలీదండీ" అంది ఆమె, దొంగతనం చేసి దొరికినట్టు. చెప్పొచ్చు ఆమెకి. చెబితే ఆసుపత్రికి వెళుతుంది, మందులు మొదలవుతాయి, ఆ చెయ్యి పనికిరాకుండా పోతుంది, ఇంకో చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది, పిల్లలా జెల్లలా, ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఈ పరీక్ష గట్టెక్కాక చెబుదాం. జబ్బు ఎక్కడికి పోతుంది, కాసుకుని కూర్చుంటుంది.

అప్పట్నించీ రోజూ ఫోన్లు. పొద్దున టిఫిను అయ్యాక, మధ్యాహ్నం, సాయంత్రం. "ఇంకో ముద్ద పెట్టుకున్నావా?" "మీకెలా తెలిసిందండీ!" అని నవ్వేది, ఆ నవ్వులో భయం పావు వంతు, మిగతాది ఇంకేదో. ఇన్నేళ్ళ కాపరంలో అతను డ్యూటీ మధ్యలో ఇంటికి ఫోను చేసింది లేదు. ఆమె తల్లి పోయినరోజు కూడా ఆమే చేసింది, అతను మూడోసారికి ఎత్తాడు. ఒక రాత్రి భోజనం దగ్గర ఆమె ఖాళీ కంచంలోకి చూస్తూ, "పక్కింటి వదిన ఏడిపిస్తోందండీ" అంది, "మీ ఆయనకి కొత్తగా పెళ్ళైనట్టుంది, తిన్నావా తిన్నావా అని అన్నిసార్లు ఫోన్లేంటి అని." చెవులు ఎర్రబడ్డాయి, కంచం అంచుని వేలితో రాస్తూ కూర్చుంది. అతనికి అర్థమైంది. బండి ఇంజను ఏ గేరులో లాగుతుందో అర్థమైనట్టు అర్థమైంది. మర్నాడు ఇంకో ఫోను ఎక్కువ చేశాడు, ఊరికే, "ఏం చేస్తున్నావు" అని. ఆ రోజు సాయంత్రం ఆమె ఏమీ తినలేదు, తానుగానే. గీత నున్నగా, ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. దాన్నే సిస్టరు అందరికీ చూపించింది. ఆమె రవికలు వదులయ్యాయి, తనే పక్కలు కుట్టుకుంది. బిందెలకి బిందెలు నీళ్ళు తాగేది. "సూదిలో దారం ఎక్కట్లేదండీ, కళ్ళకి మసక" అంది ఒకరోజు. "వయసు" అన్నాడు. కాలి మీద చిన్న పుండు నెల దాకా మానలేదు. "చెప్పుల వల్ల" అన్నాడు. ప్రతి దానికీ అతని దగ్గర జవాబు ఉండేది. తను డాక్టర్ల దగ్గర ఈ ప్రశ్నలన్నీ ఎప్పుడో అడిగి ఉన్నాడు కాబట్టి, ఏ జవాబు చెప్పకూడదో బాగా తెలుసు.

ఎంత తగ్గించినా ఒక్కోసారి అంకె లేచేది, ఏమీ తినకపోయినా. అప్పుడు తట్టింది, డబ్బాలో వాడకుండా ఉండిపోయిన తన మాత్రలు. "బలానికి ఇచ్చారు కంపెనీలో, ఇంట్లోవాళ్ళక్కూడా" అని చెప్పి ఒకటి ఇచ్చాడు. ఆమె ఆ మాత్ర అరచేతిలో పెట్టుకుని, "నాకోసం అడిగి తెచ్చారా?" అంది. ఊఁ అన్నాడు. అంకె దిగింది. పరీక్ష దగ్గరపడ్డాక రెండు. ఇవాళ పొద్దున కూడా రెండు, ఖాళీ కడుపు మీద, నేను ఫోను చేసి చెప్పేదాకా ఏమీ ముట్టకు అని. ఆమె గ్లాసుడు నీళ్ళతో రెండూ ఒకేసారి మింగి, నోరు తెరిచి చూపించింది, చిన్నపిల్లలా.

అరవై ఆరు.

జేబులోంచి తీసిన ఫోను జేబులోకి వెళ్ళలేదు. బాణం ఇప్పుడు నిలువునా కిందికి చూస్తోంది. అరవై ఆరు మంచిది కాదు. పైకి పోతే బండి మీంచి ఎప్పుడో దించుతారు, కిందికి పోతే అప్పటికప్పుడు దించుతారు, కిందికి పోయే గదా పొడుగాయన తల వాల్చింది. ఇంతసేపూ ఊరుకుని సరిగ్గా ఇవాళేనా దీనికి. బొంగురాయన్ని లోపలికి పిలిచారు, తలుపు మూసుకుంది. డ్రైవరు లేచి కిటికీ మూలకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"తిన్నావా ఏమైనా?"

"లేదండీ. మీరు చెప్పేదాకా వద్దన్నారుగా."

"మరి ఎందుకిలా పడిపోతోంది? ఏం చేస్తున్నావు?"

"వంటింట్లో కూర్చున్నా. చెమటలు పడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. ఏదో భయంగా ఉంది, ఎందుకో తెలీట్లేదు."

"బిస్కట్లున్నాయా?"

"ఉన్నాయి."

"సగం తిను."

అవతల పొట్లం చప్పుడైంది. "ఒకటి తిననాండీ?"

ఒకటి తింటే ఆగుతుందా, ఇన్నాళ్ళ ఆకలి మీద ఒకటితో ఎవరు ఆగుతారు, పొట్లం మొత్తం తింటుంది, గీత రాకెట్టులా లేస్తుంది, డాక్టరు సరిగ్గా అదే చూస్తాడు. "సగం అన్నానుగా. చక్కెర గిక్కెర ముట్టుకోకు."

"అలాగే." మాట కొంచెం ముద్దగా వచ్చింది. "మీరేమైనా తిన్నారా?"

పెట్టేశాడు. కిటికీ అవతల పొడుగాయన గొట్టం నేలమీద పడేసి ఇటే చూస్తున్నాడు, డ్రైవరు వీపు తిప్పాడు. సగం బిస్కట్టు పని చెయ్యడానికి కొంత సమయం పడుతుంది, తెలుసు, గొంతు దిగాలి, రక్తంలో కలవాలి, ఆ తర్వాత బిళ్ళ పట్టుకోవాలి, ఇవన్నీ ఆలస్యంగా జరుగుతాయి, కంగారు పడకూడదు. అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా వెనక్కి తీసినట్టు తియ్యాలి. కూర్చున్నాడు. యాభై తొమ్మిది. అప్పుడే తలుపు దడాలున తెరుచుకుంది, సిస్టరు చేతిలో గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది, గ్లాసులో తెల్లటి నీళ్ళు తొణికి ఆమె చేతిమీద పడుతున్నాయి.

"బాబాయ్! ఎలా ఉంది? కళ్ళు తిరుగుతున్నాయా? తెర మీద మీది ఎర్రగా కొట్టుకుంటోంది. ముందు ఇది తాగండి, తర్వాత మాట్లాడదాం."

చక్కెర నీళ్ళు. వద్దంటే అనుమానం. తాగాడు. చిక్కగా, పాకంలా, గొంతులో జిగురు పట్టేలా ఉంది, పొద్దుటి బన్ను మీద, టీల మీద, ఎండిన నాలుక మీద. సిస్టరు అతని వీపు నిమురుతోంది, అంత ఆప్యాయంగా అతన్ని ఎవరూ నిమిరి చాలా రోజులైంది, "మొత్తం తాగాలి, అడుగున మిగల్చకండి" అంటోంది. ఖాళీ గ్లాసు ఇచ్చాడు. భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టింది. బల్ల మీద తెర, తెర మీద అతని పేరు ముందు ఎర్రటి చుక్క ఆరుతూ వెలుగుతూ ఉంది. యాభై రెండు. "ఇంకా దిగుతోందేంటి?" అంది సిస్టరు. లేచి డాక్టరు కూడా వచ్చాడు, పెద్దాయన, అద్దాలు నుదుటి మీదికి నెట్టి తెర చూశాడు. "ఇంకో గ్లాసు పట్టించు" అన్నాడు. ఇంకో గ్లాసు. సగం తాగేసరికి వాంతి వచ్చేలా ఉంది. ఫోను దిండు పక్కన పెట్టుకుని మళ్ళీ ఇంటికి చేశాడు. మోగుతోంది. మోగుతోంది. ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. "ఇప్పుడు ఫోన్లేంటి బాబాయ్, ఇటివ్వండి, పడుకోండి కదలకుండా" అని సిస్టరు లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది.

పైన ఫ్యాను తిరుగుతోంది, ఒక రెక్క కొంచెం వంకర, తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. ఆమె వంటింట్లో ఎక్కడ కూర్చుని ఉంటుంది, పీట మీదా, నేల మీదా. పొయ్యి వెలిగించి ఉందా. సగం విరిచి ఉంటుందా, విరవడానికి చేతులు వణుకుతున్నాయంది కదా. చెప్పెయ్యాలి. చెబితే బూట్లు. బూట్లు కూడా ఇవ్వరు, మోసం కింద పంపేస్తారు, నీలం చొక్కా తీసేసి గేటు బయట నిలబడాలి, బొంగురాయన చూస్తాడు, పొడుగాయన చూస్తాడు, ముఖ్యంగా పొడుగాయన. ఇంకొక్కసారి అంకె మారేదాకా చూద్దాం. బిస్కట్టు ఇప్పుడు పని మొదలుపెడుతుంది. నలభై ఏడు. ఇంకొక్కసారి. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆఖరి ట్రిప్పులో ఆమెని బస్సెక్కించాడు, జనమంతా దిగిపోయాక ఆమె ఒక్కతే అతని వెనక సీట్లో కూర్చుంది, అద్దంలో ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు కనబడుతున్నారు. "ఒక్కసారి హారన్ కొట్టరూ, నాకోసం" అంది. ఖాళీ రోడ్డు మీద హారన్ ఏంటి, నవ్వుతారు, సరిగ్గా కూర్చో అన్నాడు. ఆమె సరిగ్గా కూర్చుంది. అప్పట్నించీ సరిగ్గానే కూర్చుంది. ఎందుకు గుర్తొచ్చిందిది, ఇప్పుడు. నలభై నాలుగు. అంకె మారినప్పుడల్లా ఆ తెర ఒక సన్నటి చప్పుడు చేస్తోంది, పిల్లి మూలిగినట్టు.

"సిస్టరమ్మా," అన్నాడు, లేచి కూర్చుంటూ. "అది నాది కాదు."

"ఏది బాబాయ్?"

"ఆ అంకె. అది నా చెయ్యి కాదు. నా భార్య చెయ్యి. ఇంట్లో ఉంది. ఒక్కతే ఉంది."

సిస్టరు డాక్టరు వైపు చూసింది. డాక్టరు తల ఊపాడు, ఇలాంటివి చాలా చూసినవాడిలా. "చక్కెర పడిపోతే ఇలాగే మాట్లాడతారు. మెదడుకి అందదు. నరానికి ఎక్కిద్దాం, మందు తియ్యి."

"లేదు డాక్టరు గారూ, నిజం చెబుతున్నా. ఆవిడకి పెట్టాను నేను. మాత్రలు కూడా నేనే..."

"అలాగే బాబాయ్, అలాగే, మీ చెయ్యి కాదు, మీ ఆవిడదే" అంటూ సిస్టరు చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతూ అతని కుడి మోచేతికి రబ్బరు పట్టీ బిగించింది. అతను పట్టీ లాగేశాడు. మంచం దిగబోయాడు. "కోపం కూడా వస్తుంది, పట్టుకోండి" అన్నాడు డాక్టరు, అప్పటిదాకా గోడకి ఆనుకుని చూస్తున్న బొంగురాయన వచ్చి రెండు భుజాల మీద చేతులేసి మంచానికి అదిమిపెట్టాడు. "అన్నా, నేనున్నాగా, భయపడకు, సూదే కదా" అంటున్నాడు, పొగాకు వాసన ముఖం మీద కొడుతోంది, బలమైన చేతులు, స్టీరింగు తిప్పిన చేతులు. "వదలరా! చచ్చిపోతుందిరా అది!" "ఎవరూ చావరన్నా, ఊరుకో." సూది చర్మానికి తగిలింది. తెర మూలిగింది. డ్రైవరు ఎడమ చెయ్యి ఎలాగో విడిపించుకుని, చొక్కా బొత్తాలు తెగేలా లాగి, జబ్బ మీది బిళ్ళని గోళ్ళతో పెకలించి తీశాడు. ప్లాస్టరుతో పాటు కొంచెం చర్మం, వెంట్రుకలు వచ్చాయి. దాన్ని సిస్టరు అరచేతిలో పెట్టి ఆమె వేళ్ళు మూశాడు.

"ఇప్పుడు చూడు."

అందరూ తెర వైపు తిరిగారు. బిళ్ళ సిస్టరు గుప్పిట్లో ఉంది. తెర మళ్ళీ మూలిగింది. నలభై ఒకటి.

బొంగురాయన చేతులు తీసేశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంటి అడ్రసు" అన్నాడు. చెబుతుంటే సిస్టరు అంబులెన్సుకి ఫోను చేసింది. "పక్కన ఎవరైనా ఉన్నారా?" ఉన్నారు, పక్కింటావిడ. అతని ఫోను అతని చేతికిచ్చారు, వేళ్ళకి చక్కెర జిగురు, తెర మీద పేరు దొరకట్లేదు, దొరికింది, ఆవిడ ఎత్తింది, తలుపు తొయ్యండి, చక్కెర నీళ్ళు పొయ్యండి, ఎందుకని అడక్కండి, అని అరిచాడు. డాక్టరు అద్దాలు దించుకుని ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"ఆవిడకీ జబ్బుందా? ఎన్నాళ్ళుగా?"

"నాకు తెలిసి... మూడు నెలలు."

"ఆవిడకి తెలిసి?"

డ్రైవరు వేళ్ళకి అంటిన చక్కెర చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఏం మందు ఇచ్చారు?"

"నావి. పొద్దున రెండు."

"ఎప్పుడు తింది?"

"సగం బిస్కట్టు."

డాక్టరు అడిగింది ఎప్పుడని. జవాబు సరిచెయ్యమని అడగలేదాయన. బల్ల దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. సిస్టరు తన చేతిలోని బిళ్ళని చూస్తోంది, దాని తీగ ఎప్పుడో విరిగిపోయి ఉంది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యలేదు, బల్ల మీద ఒక మూల పెట్టి చేతులు సబ్బుతో కడుక్కుంది, చాలాసేపు. ఆమె ఇంక అతన్ని బాబాయ్ అనలేదు. "అక్కడ కూర్చోండి" అంది, మంచం మీద కాదు, తలుపు దగ్గర స్టూలు మీద. కూర్చున్నాడు. తెర మీద అంకె పోయింది, దాని చోట తక్కువ అనే మాట వచ్చింది, అంతకంటే కిందికి దిగితే యంత్రం లెక్క చెప్పదు, ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. తక్కువ. తక్కువ. ఎంత తక్కువో తెలియకపోవడం ఇలా ఉంటుందా. ఇన్నాళ్ళూ ఆమె మింగిన ప్రతి ముద్దా అతనికి ఇక్కడినుంచే తెలిసింది, ఇప్పుడు ఆమె ఊపిరి తీస్తోందో లేదో తెలియట్లేదు. ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయా. నడుముకి ఆ పువ్వు సంచి ఉందా. ఉంటుంది, తీయొద్దన్నాడుగా. తాగిన పాకానికి చెవుల్లో హోరు, తల బరువు, తన చక్కెర ఇప్పుడు ఏ నాలుగు వందల దగ్గరో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడట్లేదు, చూడాలని ఈ గదిలో ఎవరికీ లేదు.

ఫోను మోగింది. పక్కింటావిడ. జిగురు వేళ్ళలోంచి ఫోను జారితే సిస్టరు పట్టుకుని, స్పీకరు నొక్కి, బల్ల మీద పెట్టింది. గది నిండా ఆవిడ ఏడుపు. "వంటింట్లో పడి ఉందన్నా, గోడ పక్కన, ఒళ్ళంతా చల్లగా... ఎంత పిలిచినా పలకదు, కళ్ళు తేలేసింది. పొయ్యబోతే పళ్ళు బిగపట్టేసింది, చెంచాతో పోశాను, ఎలాగో దిగింది. ఇప్పుడు చూస్తోంది. ఇప్పుడే చూస్తోంది. అంబులెన్సు వాళ్ళొచ్చారు, ఎక్కిస్తున్నారు."

"మాట్లాడుతున్నారా ఆవిడ?" అని డాక్టరు ముందుకి వంగి అడిగాడు.

"మిమ్మల్నే అడుగుతోందన్నా. మీతోనే మాట్లాడాలట. ఫోనిచ్చేదాకా ఊరుకోట్లేదు."

ఏదో రాపిడి చప్పుడు. ఊపిరి. తర్వాత ఆమె గొంతు, నాలుక తిరగక, ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చుకుంటున్నట్టు.

"ఏవండీ... కోప్పడకండి. నేను వద్దనే అన్నాను. నోరు గట్టిగా మూసుకున్నా. వదిన వినలేదు. మొత్తం పోసేసింది... మీ గీత పాడైపోతుందని చెబుతూనే ఉన్నా, ఎవరూ వినిపించుకోలేదండీ... మీ పరీక్ష అయిపోయిందా?"

బొంగురాయన నేల చూస్తున్నాడు. సిస్టరు నేరుగా అతని ముఖంలోకి చూస్తోంది, డాక్టరు కూడా, జవాబు కోసం. డ్రైవరు నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయని అతనికి తెలుసు, అవి ఎక్కడున్నాయో తెలియలేదు, గొంతులోకి చెయ్యి పెట్టి వెతికినా దొరికేలా లేవు. ఆమెతో మాట్లాడ్డానికి అతని దగ్గర ఉన్నది ఒకటే గొంతు, రోజూ వాడేది. అదే వచ్చింది.

"సర్లే," అన్నాడు. "ఈ ఒక్కసారికీ."

అవతల ఆమె గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదలడం గదిలో అందరికీ వినిపించింది.